ఒక్క బిడ్డకే కన్ను, చెవి, చెయ్యి

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల ఆదివారపు బడి బోధకులు, సంఘ సభ్యులైన ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగము)



“తరగతి గదిలో పిల్లలు నేర్చుకొనే వేర్వేరు విధములు” అనే అంశముపై మాట్లాడుమని నన్ను కోరినారు. నేను బడిపంతులును కాను. వేదాంత కళాశాలలో క్రైస్తవ విద్య అనే పాఠ్యాంశము చదివినాను. ఆ పైన నేర్చినదంతా ఆదివారపు బడిలో పిల్లల ముందర నిలిచి, తప్పులు చేసి నేర్చినదే. కనుక ఈ ఉదయము రెండు తప్పులు చేసినవానిగా మీ ఎదుట మాట్లాడుతాను. మొదటి తప్పు మనలో చాలమంది చేసినదే. రెండవది మంచి ఉద్దేశముతో చేసినది. అందుచేత అది తప్పని తెలిసికొనడానికి నాకు చాలకాలము పట్టినది.

పదిహేడేండ్ల క్రిందట నా మొదటి సంఘములో పదమూడేండ్ల అబ్బాయి ఒకడుండేవాడు. వాక్యము కంఠత చేయుమంటే చేసేవాడు కాడు. చదువుమంటే అక్షరము మీద వ్రేలు పెట్టి అక్కడే నిలిచిపోయేవాడు. ఒక ఆదివారము నాకు విసుగు వచ్చి, అందరి ఎదుట “నీ తలలో మట్టి తప్ప ఏమీ లేదురా” అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు కూడ నవ్వాడు. మరుసటి ఆదివారము రాలేదు. కొన్ని నెలలకు బడి కూడ మానివేసి సాంచెల మీద పనికి కుదిరినాడని తెలిసినది.

ఒక సాయంత్రము అక్కడికి వెళ్లి చూచాను. ఆ వయసులో వాడు ఉండవలసిన చోటు అది కాదు. నాలుగు మరమగ్గముల నడుమ తిరుగుతున్నాడు. అంత మోతలో ఒక సాంచె చప్పుడు కొంచెము మారగానే అటు నడచి, తెగిన పోగును వెదకి, రెప్పపాటులో ముడి వేసినాడు. వందల పోగులలో తెగిన ఒక్క పోగును పట్టిన ఆ కన్ను, అంత రొదలో తేడా తెలిసికొన్న ఆ చెవి, ముడి వేసిన ఆ వ్రేళ్లు, ఇవన్నీ నా తరగతిలో కూర్చున్నప్పుడు కూడ వానికి ఉన్నవే. నేనే చూడలేదు.

ఆ రాత్రి నా కళాశాల నోటుపుస్తకము తీసినాను. అందులో పిల్లలు మూడు రకములని వ్రాసుకొని ఉన్నాను. కంటితో నేర్చేవారు, చెవితో నేర్చేవారు, చేతితో నేర్చేవారు. ఎవరి రకమును బట్టి వారికి బోధించాలని దాని సారాంశము. ఇది ప్రపంచమంతటా ఉపాధ్యాయ శిక్షణలో బాగా ప్రచారమైన మాట. న్యూజీలాండు దేశపు నీల్ ఫ్లెమింగ్ 1992లో చూచుట, వినుట, చదువుట–వ్రాయుట, చేయుట అని నాలుగు విధములు చెప్పి, ఎవరిది ఏ విధమో తెలిసికొనడానికి ఒక ప్రశ్నావళి ప్రచురించినారు. అంతకు ముందే 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు హోవర్డ్ గార్డ్‌నర్ మనిషి బుద్ధి ఒకటి కాదు, అనేకము అని వ్రాసినారు. తన సిద్ధాంతము నేర్చుకొనే శైలులను గురించినది కాదని ఆయన తరువాత స్వయముగా చెప్పవలసి వచ్చినది. ఎందుకంటే లోకము ఆ రెంటినీ కలిపివేసినది. ఈ మాటలు నన్ను ఆకర్షించడానికి కారణము ఒకటే. ఏ బిడ్డా మొద్దు కాడు, మన బోధనే వానికి సరిపడలేదు అని అవి చెప్పినవి. మట్టి తల అని నోరు జారినవానికి అది ఔషధము వలె తోచినది.

తరువాతి సంఘములో ఆ ఔషధమును పిల్లలకు పోసినాను. ప్రశ్నలు అడిగి, పిల్లలందరికీ రంగు చీటీలు ఇచ్చినాను. కంటి పిల్లలకు నీలము, చెవి పిల్లలకు పసుపు, చేతి పిల్లలకు ఎరుపు. నీలపు చీటీ వారికి బొమ్మల పుస్తకములు, చదువవలసిన భాగములు. పసుపు వారికి పాటలు, కథలు. ఎరుపు వారికి మట్టి బొమ్మలు, కాగితపు పని. మొదటి నెలలో పిల్లలు ఎంతో ఉత్సాహముగా ఉన్నారు. తల్లిదండ్రులు మెచ్చుకొన్నారు. నేను కూడ నన్ను మెచ్చుకొన్నాను.

నాలుగవ నెల వచ్చేసరికి ఎర్ర చీటీ పిల్లలు చాపలు పరుస్తున్నారు, నీళ్లు నింపుతున్నారు, పండుగకు తోరణములు కడుతున్నారు. “వీరు చేతితో నేర్చేవారు కదా” అని మా బోధకులలో ఎవరికీ అందులో తప్పు తోచలేదు. ఒక ఆదివారము బీడీలు చేసే తల్లి బిడ్డ ఒకతె, తొమ్మిదేండ్ల పిల్ల, నా దగ్గరికి వచ్చి నిలిచినది. “అయ్యగారూ, నాకు నీలం చీటీ ఎప్పుడిస్తరు? నాకు గూడ సదువుడు రావాలె గదా” అన్నది.

ఇంటికి వచ్చి పేర్లు వరుసగా వ్రాసి చూచాను. నీలపు చీటీలు ఎక్కువగా ఉద్యోగస్థుల బిడ్డలకు, ఇంట్లో పుస్తకములు ఉన్న బిడ్డలకు పోయినవి. ఎర్ర చీటీలు కూలివారి బిడ్డలకు, బీడీల చాట ముందర కూర్చునే తల్లుల బిడ్డలకు పోయినవి. నేను అడిగిన ప్రశ్నలు ఆ పిల్లల బుద్ధిని కొలువలేదు. వారి ఇండ్లలో ఏ పని జరుగుతున్నదో దానిని కొలిచినవి. ఎవరు చదువాలి, ఎవరు చేతితో పని చేయాలి అనేది ఈ దేశము ఎన్నో తరములు పుట్టుకను బట్టి నిర్ణయించినది. అదే నిర్ణయమును నేను రంగు కాగితము మీద, మనస్తత్వ శాస్త్రము పేరుతో, ప్రేమతో చేసినాను.

ప్రియులారా, శాస్త్రమే చెప్పినదని నేను తప్పించుకొనడానికి కూడ వీలు లేదు. బ్రిటనులో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందము 2004లో ఈ విషయమును పరిశీలించగా, నేర్చుకొనే శైలులను విభజించే పద్ధతులు 71 లెక్కకు వచ్చినవి. ఒకే బిడ్డ ఒక పద్ధతిలో ఒక పేరు, ఇంకొక పద్ధతిలో ఇంకొక పేరు పొందగలడు. 2008లో అమెరికాలో హెరాల్డ్ పాష్లర్ మొదలైన నలుగురు శాస్త్రజ్ఞులు సూటియైన ప్రశ్న వేసినారు. కంటి పిల్లలని చెప్పబడిన వారిలో సగముమందికి బొమ్మలతోను, సగముమందికి మాటలతోను చెప్పండి. చెవి పిల్లలకు కూడ అట్లే చేయండి. తరువాత అందరికీ ఒకే పరీక్ష పెట్టండి. సిద్ధాంతము నిజమైతే తమ రకమునకు తగిన బోధ పొందినవారే మెరుగుగా వ్రాయాలి. అట్లు సరిగా జరిపిన పరిశోధనలు బహు కొద్ది. ఆ కొద్దిలో కూడ సిద్ధాంతమునకు ఎదురుగా వచ్చినవి ఉన్నవి. పిల్లలను రకములుగా విడదీసి బోధించడానికి తగిన ఆధారము లేదని వారు తేల్చినారు.

అట్లని పిల్లలందరూ ఒకటే అని అర్థము కాదు. ఒకరికి పాట ఇష్టము, ఒకరికి బొమ్మ ఇష్టము. ముందుగా తెలిసినది ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఈ భేదములు నిజమైనవే. అయితే ఇష్టము వేరు, శక్తికి హద్దు వేరు. బెల్లము ఇష్టమైన బిడ్డకు బెల్లము ఒక్కటే పెట్టి పెంచము కదా!

మన ప్రాంతమునే చూడండి. డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు 1931లో సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టినారు. నిజాము పాలన కాలమది. ఆయన చదువు ఉర్దూ మాధ్యమములో సాగినది. చిన్ననాట ఊరిలో విన్న హరికథలు, జంగము కథలు, జానపదుల పాటలు ఆయన చెవిలో తెలుగును నింపినవి. ఈ బాలుడు చెవి రకము, వీనికి పాటలు చాలును అని ఎవరైనా అక్కడ ఆపివేసి ఉంటే? ఆయన గ్రంథములు చదివినారు, ఉస్మానియా విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యులైనారు, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము అందుకొన్నారు. చెవి ఆయనకు వాకిలి. ఇల్లంతా వాకిలి కాదు.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. చిన్న తరగతిలోనే బడి ఆగిపోయినది. తల్లి ఒక్కొక్క చీరకు ఆసు పోయడానికి వేలసార్లు చెయ్యి ఆడించి భుజము నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రము తయారుచేసి దానికి తల్లి పేరు పెట్టినారు. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆయనను చేతిపని మనిషి అందామా? పోగు నడిచే దారిని మనసులో గీసికొనలేనివాడు ఆ యంత్రము చేయలేడు. చెయ్యి, కన్ను, లెక్క, తల్లి మీది ప్రేమ, అన్నీ కలిసి పనిచేసినవి.

ఇక మన సంఘముల మాట. ఈ నూరేండ్ల పండుగలో మన తాతలను, అవ్వలను తలచుకొంటున్నాము. వారిలో చాలమంది అక్షరము రానివారు. అయినను కీర్తన వెంట కీర్తన, చరణము తప్పకుండ పాడేవారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పల్లె పల్లెకు నోటి వెంటనే నడచినవి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదకు దేవాలయమునకు వెళ్లినవారు ఆ మూడు రంగు అద్దముల కిటికీల ముందర నిలిచి ఉంటారు. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము, పుస్తకము తెరువలేనివాడు కూడ వెలుతురులో చదువగలడు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.యస్. అజరయ్య గారు పల్లె ప్రజల పాటను ఆరాధనలోనికి ఆహ్వానించినారు.

అయితే ఆనాటి పెద్దలు అక్కడ ఆగలేదు. పాట నేర్పిన చోటనే పలక ఇచ్చినారు. చెట్టు క్రింద, పూరిపాకలో బడి పెట్టినారు. ఊరిబడి గడప తొక్కనీయని మాల మాదిగ పల్లెల బిడ్డల చేత అక్షరములు దిద్దించినారు. వీరు వినే జనము, వీరికి పాట చాలును, పుస్తకము వేరేవారిది అని ఆనాడు తీర్మానించి ఉంటే, ఈనాడు ఈ గదిలో ఇంతమంది ఉపాధ్యాయులు కూర్చుని ఉండేవారు కారు. నేను ఈ పీఠము దగ్గర నిలిచేవాడను కాను. ఈ ఒక్క సంగతి మనము మరువరాదు. బిడ్డకు తెలిసిన వాకిట నుండి లోపలికి రండి. కాని ఏ వాకిలీ వానికి మూయకండి.

సువార్తలలో పునరుత్థానపు సంగతులు గుర్తు చేసికొనండి. మగ్దలేనే మరియ తన పేరు విని ప్రభువును గుర్తించినది. ఒక శిష్యుడు నారబట్టలు చూచి నమ్మినాడు. ఎమ్మాయు దారిలోని ఇద్దరు రొట్టె విరిచినప్పుడు తెలిసికొన్నారు. తోమా ముట్టి చూస్తే గాని నమ్మనన్నాడు. ప్రభువు వారికి నాలుగు వాకిళ్లు తెరచినాడు. అయితే వారిని నాలుగు వరుసలుగా కూర్చుండబెట్టలేదు. తోమాకు చెయ్యి చాపమని సెలవిచ్చినాడు గాని, నీవు చేతి మనిషివి అని పేరు పెట్టలేదు.

సరే, రేపటి నుండి తరగతిలో ఏమి చేయాలి? నాకు తోచిన అయిదు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది. బిడ్డ ఏ రకము అని అడుగకండి, ఈ పాఠమునకు ఏమి కావాలి అని అడగండి. దేశ పటము కంటితో చూడనిదే రాదు. రాగము చెవితో విననిదే రాదు. ఈత నీళ్లలో దిగనిదే రాదు. అక్షరమునకు మూడూ కావాలి, రూపము చూడాలి, ధ్వని వినాలి, చేతితో దిద్దాలి. విత్తువాని ఉపమానము చెప్పే రోజున గుప్పెడు వడ్లు, కొంచెము చెలక మట్టి, నాలుగు రాళ్లు, ఒక ముళ్లకంప తీసికొని రండి. అందరూ చూడాలి, అందరూ ముట్టాలి, అందరూ కథ వినాలి, అందరూ చదువాలి.

రెండవది. బిడ్డ ఇంటి నుండి తెచ్చుకొనే తెలివిని గుర్తించండి. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో బీడీలు చేసే ఇంటి పిల్లకు కట్టకు 25 అని, 40 కట్టలైతే వెయ్యి అని ఎవరూ చెప్పనక్కరలేదు. అదే పిల్ల బడిలో 25వ ఎక్కము రాక చేతులు కట్టుకొని నిలబడుతుంది. ఆ రెండూ ఒకటేనని చెప్పేవాడే ఉపాధ్యాయుడు. పడుగు పేక తెలిసిన సిరిసిల్ల పిల్లవానికి అడ్డువరుసలు, నిలువు వరుసలు అంటే భయమెందుకు? దుబాయిలో ఉన్న తండ్రితో ఫోనులో మాట్లాడే బిడ్డకు అక్కడి గడియారము మనకంటె గంటన్నర వెనుక అని తెలుసు. భూమి తిరుగుటను గురించిన పాఠము అక్కడ మొదలు పెట్టవచ్చును. అయితే ఒక హెచ్చరిక. బిడ్డకు తెలిసిన లెక్కను బడికి తెచ్చుకొందాము గాని, బిడ్డను చాట ముందరికి, సాంచె దగ్గరికి పంపవద్దు.

మూడవది. అప్పచెప్పించుకొనండి, కాని బెత్తము లేకుండ. 2006లో రోడిగర్, కార్పికి అనే అమెరికా శాస్త్రజ్ఞులు విద్యార్థులతో ఒక పరీక్ష జరిపినారు. కొందరు పాఠమును మరల మరల చదివినారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకము మూసి, గుర్తున్నది వ్రాసినారు. అయిదు నిమిషముల తరువాత మరల చదివినవారే ముందున్నారు. వారము తరువాత చూస్తే గుర్తు తెచ్చుకొని వ్రాసినవారికే ఎక్కువ నిలిచినది. మన పాతకాలపు అప్పచెప్పుటలో ఈ మేలు ఉన్నది. దానిని పాడుచేసినది దెబ్బ, నవ్వులాట. పోయిన వారము పాఠమును ఈ వారము, పోయిన నెల పాఠమును వచ్చే నెల మెల్లగా అడగండి. మరచినవానికి ఒక మాట అందించి, మరల అడగండి.

నాలుగవది. శైలి అనే పేరు క్రింద నిజమైన ఇబ్బందిని దాచకండి. బోర్డు మీది అక్షరములు తప్పుగా ఎక్కించుకొనే బిడ్డకు కండ్లద్దములు అవసరమేమో! పిలిస్తే పలుకని బిడ్డకు చెవిలో చీము ఉన్నదేమో! మాటలలో చురుకుగా ఉండి, అక్షరముల దగ్గరనే ఏండ్ల తరబడి తడబడే బిడ్డకు డిస్లెక్సియా ఉండవచ్చును. 2016 వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి నేర్చుకొనే ఇబ్బందులను కూడ గుర్తించినది. అట్టి బిడ్డను వైద్యుని దగ్గరికి, ప్రత్యేక ఉపాధ్యాయుని దగ్గరికి తీసికొని వెళ్లాలి. నా మొదటి సంఘపు అబ్బాయిని నేను ఎక్కడికీ తీసికొని వెళ్లలేదు. తిట్టి ఊరుకొన్నాను.

అయిదవది. నోటిని కాచుకొనండి. బిడ్డను కొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను 2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించినది. చట్టము లేకపోయినను మనకు తెలియాలి. బిడ్డ ఇంటి భాషలో జవాబు చెపితే ముందు జవాబును వినండి, భాషను తరువాత దిద్దవచ్చును. మొద్దు అనే పేరు ఎంత చెడ్డదో, చేతి పిల్లవాడు అనే తియ్యని పేరు కూడ కొన్ని సమయములలో అంతే చెడ్డది. జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధనా స్థానములో వరికి రకము పేరు పెడతారు. జగిత్యాల సన్నాలు అంటే ఏ పొలములో వేసినా అవి సన్నాలే. వరికి అట్టి పేరు మేలు. బిడ్డ వరి కాదు. ఉగాదికి ఒక తీరుగా ఉంటాడు, దసరాకు ఇంకొక తీరుగా ఎదుగుతాడు. పేరు మాత్రము వాని వెంట ముసలితనము వరకు నడుస్తుంది.

నీలము చీటీ అడిగిన ఆ పిల్ల సంగతి చెప్పాలి. మరుసటి ఆదివారము చీటీలన్నీ చించివేసి, ఆమెకు చదువవలసిన భాగము ఇచ్చినాను. నాలుగు వచనములు చదువడానికి చాలసేపు పట్టినది. తప్పులు వచ్చినవి. తరగతి అంతా కూర్చుని వేచి ఉన్నది. ఇన్నేండ్ల సేవలో నేను చేయించిన మంచి పనులలో ఆ వేచి ఉండుట ఒకటి అని అనుకొంటాను.

ఆ అబ్బాయిని కూడ పోయిన సంవత్సరము చూచాను. ఇప్పుడు ముప్పై ఏండ్ల వాడు. ఒకటవ తరగతి చదివే కొడుకును ఆదివారపు బడికి తెచ్చినాడు. ఆనాటి మాటకు నన్ను క్షమించుమని అడిగినాను. “అదంత ఎప్పుడో అయిపాయె అయ్యగారూ” అని నవ్వినాడు. వెళ్లబోతూ వాకిట నిలిచి, “వీడు జర నిమ్మళంగ చదువుతడు. మీరు మాత్రం వీన్ని ఏమనకుండ్రి” అన్నాడు.

ఉపాధ్యాయ సహోదరీ సహోదరులారా, అట్టి తండ్రులు, అట్టి తల్లులు మన బడుల వాకిట నిలిచి ఉన్నారు. వారికి మనమిచ్చే జవాబు మాటలలో కాదు, రేపు ఉదయము హాజరు పిలిచిన తరువాత మనము ఆ బిడ్డ వైపు చూచే చూపులో ఉంటుంది. ప్రభువు మనకు ఓర్పును, బిడ్డను చూచే కన్నును దయచేయును గాక.